ముందే రాలేవి

యజ్ఞనారాయణ ద్రాక్ష పందిరి కింద గొంతుక్కూచుని, జేబురుమాలు నేల మీద పరిచి, రాలినవాటిని చూపుడువేలి కొసతో ఎత్తి ఒక్కొక్కటే అందులో వేస్తున్నాడు. ఆవగింజంతవి, పచ్చనివి. పందిరి ఈ చివర నుంచి ఆ చివర దాకా నేల మీద పచ్చటి పొట్టు చల్లినట్టుంది. ఆయన కేక వెయ్యలేదు. వేస్తే బాగుండునని పక్కనే నిలబడ్డ భార్య అనుకుంది. అరిచిన రోజున ఆయన కోపం భోజనాల వేళకి చల్లారుతుంది. ఇలా నోరు మూసుకుని ఏరాడంటే మాత్రం ఎవరికో మూడిందన్నమాటే.

బాలానగర్ ఫ్యాక్టరీలో తయారైన సామాను కొలిచి చూసి, పనికిరానిదాన్ని పక్కన పెట్టి, అది ఎవరి చేతిలో చెడిందో తేల్చే ఉద్యోగం ఆయనది. తప్పు ఎవరిదో తేలందే ఆయనకు ముద్ద దిగదు. ఆ అలవాటు ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలిపెట్టి రావచ్చు కదా అని ఎవరూ ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి భార్య బాలాత్రిపురసుందరి. అంత పేరు రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు. యాప్రాల్ కాలనీలో ఆవిడ ఉత్త సుందరి. ఆవిడకు అలా చెప్పే అలవాటు లేదు.

"ఎంకయ్యా, ఇలా రా."

తోటలోనే గుడిసెలో ఉండే పనివాడు ఎంకయ్య వచ్చాడు. చేతులు మోచేతుల దాకా మందు మరకలతో ఉన్నాయి. పిందె బాగా పట్టాలని మొన్ననే పందిరి మొత్తం గుత్తులు ముంచారు. మగ్గులో మందు తీసుకుని, తలెత్తి, పూత మీదున్న ఒక్కొక్క గుత్తినీ అందులో ముంచి వదలాలి. మందంతా చేతుల మీదుగా చంకల్లోకి కారుతుంది. అత్వెల్లి నుంచి వచ్చిన కూలీ ఆడవాళ్ళు ఇంకా ఆ పట్టేసిన మెడలు సరిచేసుకోలేదు. వాళ్ళ పెద్ద ఐలమ్మ కొడవలి పక్కన పెట్టి, ఏం జరుగుతుందోనని చూస్తోంది.

"మొన్నటి మందు ఏ తొట్టిలో కలిపావు?"

"గీ నీలం తొట్టిలనే సార్."

సుందరి నోట మాట జారింది. "గడ్డిమందు కలిపింది కూడా ఆ తొట్టిలోనే కదూ?"

ఆవిడ మనసులో ఏమీ లేదు. గుర్తొచ్చింది, అనేసింది. యజ్ఞనారాయణ చేతిలో వేలు ఆగింది.

"కడిగిన సార్," అన్నాడు ఎంకయ్య. "మూడుసార్లు కడిగిన. సర్ఫేసి రుద్దిన."

"నీళ్లు నేనే బోసిన సారూ," అంది అతని భార్య బాలనర్సమ్మ గుడిసె ముందు నుంచి.

"కడిగితే పూత ఎందుకు రాలింది?"

ఎంకయ్య నీలం తొట్టి వంచి అడుగు చూశాడు. అతను చేపలు పట్టేవాడు. శామీర్‌పేట చెరువు అడుగంటి, వల చూరులో వేలాడదీశాక, ఈ ఎండాకాలమే ఈ తోటలో కుదిరాడు. ద్రాక్ష పూత పూయడం చూడటం అతనికి ఇదే మొదలు. ఆ మాటకొస్తే యజ్ఞనారాయణకూ ఇదే మొదలు. తోట కొన్నది మొన్న వేసవిలో. పాత ఆసామితోపాటే పాత పనివాళ్ళూ వెళ్ళిపోయారు. ఒక పక్క తోట కొట్టేసి ప్లాట్ల రాళ్ళు పాతేశారు. ఇంకో పక్క తోటవాళ్ళతో బోరు నీళ్ళ దగ్గర మాటామాటా అనుకుని ఈయన అటు చూడటమే మానేశాడు. ఐలమ్మ వాళ్ళకు వరి నాట్లు తెలుసు, టమాట తెలుసు. ఇక చెప్పేవాళ్ళెవరు?

"అడుగుతుంటే మాట్లాడవేం? కడిగితే ఎందుకు రాలింది?"

మూడోసారి అడిగేసరికి ఎంకయ్య తల దించేశాడు. "ఏమో సార్. మూలకు గింత ఉండిపోయిందేమో."

ఆ 'ఏమో'ను యజ్ఞనారాయణ ఒప్పుకోలు కింద తీసుకున్నాడు. రుమాలు నాలుగు కొసలూ కలిపి ముడి వేసి లేచాడు. "దూలపల్లి నుంచి వేరేవాళ్ళు వస్తామన్నారు. కార్తీకంలో ఇల్లు మారరట. అమావాస్య వెళ్ళగానే వస్తారు. అప్పటికి గుడిసె ఖాళీ చెయ్యి," అన్నాడు, నలుగురూ వినేలాగే.

బాలనర్సమ్మ పందిరి కిందకి పరుగున వచ్చింది. "యాడికి పోవాలె సారూ? చెరువుల సుక్క నీళ్లు లేకపాయె. మా బిడ్డ సరళ బడి ఈడనే ఉండె. ఏదో పొరపాటైందనుకో, ఇగ పొమ్మంటవా?"

ఆయన అప్పటికే స్కూటరు దగ్గరకి నడుస్తున్నాడు. సుందరి వెనక కూర్చుంది. హకీంపేట దాటేదాకా ఒకటే అనుకుంటోంది. నేనేమన్నాను? తొట్టి ఒకటే కదా అన్నాను, అంతే కదా. అంతే అని మనసుకి ఎంత చెప్పినా అది ఒప్పుకోలేదు.

మర్నాడు సాయంత్రం వంటింట్లో ఎప్పటిలాగే పాఠం అప్పచెప్పే కార్యక్రమం మొదలైంది. కూతురు హర్షిత ఇంటర్ మొదటి సంవత్సరం, డాక్టరు చదవాలని పట్టుదల. పుస్తకం బియ్యం డబ్బాకి ఆనించి పెట్టి, తను గోడకు జేరబడి కళ్ళు మూసుకుని గడగడా చెబుతుంది. తల్లి కూర తరుగుతూ తప్పులు పట్టాలి. సుందరి తణుకులో పదో తరగతి దాకా తెలుగులో చదివింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేలోగా కూతురు పేజీ తిప్పేస్తుంది. అయినా చూపు మాత్రం పంక్తి మీద నుంచి తియ్యదు. తప్పు పట్టే పనిలో మొగుడు ఎంత నిక్కచ్చో, ఆవిడ అంత మెత్తన. సగం తప్పులు వదిలేస్తుంది.

"కెడ్యూకస్. పువ్వు విచ్చుకోగానే రాలిపోయేవి. ఉదాహరణ, పాపీ, గసగసాల మొక్క. డెసిడ్యుయస్. కొన్నాళ్ళుండి రాలేవి. ఉదాహరణ, ఆవ. పర్సిస్టెంట్. కాయ అయ్యాక కూడా ఉండిపోయేవి. ఉదాహరణ, వంకాయ."

సుందరి చేతిలో ఉన్నది వంకాయే. ముచ్చిక కొయ్యబోతూ ఆగింది. "అంటే ఇది పువ్వప్పటి నుంచీ ఉందా?"

"అదే అమ్మా, రక్షకపత్రాలు. మొగ్గ మీద తొడుగు."

"ఆ మొదటిదేంటి? మళ్ళీ చెప్పు."

"కె-డ్యూ-కస్."

సుందరి పైకి అనలేదు గానీ పెదాలు కదిపి చూసుకుంది. నాలిక తిరగని మాట. "విచ్చుకోగానే రాలిపోతాయా? ఎందుకని? తెగులా?"

హర్షిత కళ్ళు తెరిచింది. తల్లి ఎప్పుడూ ఇలా అడ్డుప్రశ్నలు వెయ్యదు. "తెగులేంటమ్మా! మొగ్గగా ఉన్నన్నాళ్ళు లోపలివాటిని కాపాడటమే దాని పని. పువ్వు విచ్చుకుంది, పని అయిపోయింది, రాలిపోయింది. రేపు టెస్టు ఉంది, చూడు, డెసిడ్యుయస్ స్పెల్లింగు చెబుతాను..."

సుందరి కత్తిపీట పక్కకు నెట్టి లేచింది. రుమాలు మూట ఫ్రిజ్ మీద ఉంది. యజ్ఞనారాయణ దాన్ని సాక్ష్యంలాగా దాచాడు. మేడ్చల్‌లో పురుగుమందుల కొట్టు సుధాకర్‌కి చూపించాలని. ఫోను చేస్తే అతను సరుకు కోసం గుంటూరు వెళ్ళాడనీ, అమావాస్య అయ్యాకే వస్తాడనీ కొట్లో కుర్రాడు చెప్పాడు. ఆవిడ ముడి విప్పి, తెల్లటి పళ్ళెంలో పొట్టు వంపింది. ఎండి కాస్త గోధుమరంగు తిరిగింది. "నీ ప్రాక్టికల్ డబ్బాలో భూతద్దం ఉందిగా, తే," అంది.

భూతద్దం కింద ఒకటి పెట్టి చూసింది. ఇంకొకటి చూసింది. ఏ ఒక్కదానిలోనూ పువ్వు లేదు. అన్నీ టోపీలే. పైన అతుక్కుని, కింద అయిదు చీలికలుగా విడిపోయిన చిన్న చిన్న టోపీలు. పిందె కావలసిన గుండ్రటి బొడిపె వాటిలో లేదు. కాడ లేదు. పూతే రాలితే కాడతో సహా, బొడిపెతో సహా కదా రాలాలి? మునగ పూత రాలినా అంతే, మామిడి పూత రాలినా అంతే. ఇవి ఉత్త తొడుగులు. అసలుది ఇంకా గుత్తి మీదే ఉంది.

సుందరికి మొదట వచ్చింది సంతోషం. దాని వెనకే భయం.

"ద్రాక్షది కూడా కెడ్యూకసేనే," అంది.

హర్షిత పళ్ళెంలోకి తొంగి చూసింది. "సిలబస్‌లో పాపీ ఒక్కటే ఉందమ్మా. ద్రాక్ష లేదు. ద్రాక్ష అని రాస్తే మేడమ్ మార్కు కొట్టేస్తుంది."

రాత్రి అన్నాల దగ్గర సుందరి యజ్ఞనారాయణకు చెప్పింది. ఆయన కూతురి వైపు తిరిగి, "ఏమ్మా, నిజమేనా?" అని అడిగాడు. హర్షిత ఉన్నమాటే చెప్పింది. పుస్తకంలో పాపీ అని ఉంది నాన్నా అంది. ఆయన నవ్వాడు. కోపం లేని నవ్వే. అదే ఎక్కువ గుచ్చుకుంది సుందరికి.

"వంటింటి పాఠాలతో తోట సాగుతుందటే? నేను ఆలోచించే పెట్టాను. మా ఫ్యాక్టరీలో సామాను తప్పు యాసిడ్‌లో ముంచారనుకో, ఏం చేస్తాం? వెంటనే గట్టిగా నీళ్ళు కొట్టి కడిగేస్తాం. మిగిలిందైనా దక్కుతుంది. రేపు పొద్దున డ్యూటీకి పోతూ అటు వెళ్ళి చెప్పేస్తాను. మోటారు పెట్టి, పైపుతో గుత్తులన్నీ కడగమని."

"పూత మీద నీళ్ళు కొడితే..."

"మజ్జిగ పొయ్యి."

ఆవిడ మజ్జిగ పోసింది. ఇరవై ఏళ్ళుగా ఆ మాట దగ్గరే వాదాలన్నీ ఆగుతూ వచ్చాయి. ఆ వేళా ఆగింది.

తెల్లవారి ఆయన స్కూటరు చప్పుడు కాలనీ మలుపు తిరిగిపోయింది. సుందరి తులసి కోట దగ్గర దీపం పెట్టింది, కూతురికి క్యారేజీ కట్టింది, బట్టలు నానబెట్టింది. ఏ పని చేస్తున్నా చెవిలో పైపు నీళ్ళ చప్పుడే. హర్షితను కాలేజీకి పంపేసి గుమ్మంలో కూలబడింది. వెళ్తే ఏమవుతుంది? ఆయన మాట మీద నా మాట. పెళ్ళయ్యాక ఎన్నడూ జరగలేదు. వెళ్ళకపోతే ఏమవుతుంది? ఆ ఇద్దరూ తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని ఎటో పోతారు, ఆ తొట్టి మాట అన్నది నేనని నాకు తప్ప ఎవరికీ గుర్తుండదు. సుందరి లేచి చీర మార్చుకుంది. లోతుకుంట దాకా ఆటోలో వెళ్ళి అక్కడ బస్సెక్కింది. ఒంటరిగా తోటకు బయల్దేరడం ఆవిడకు అదే మొదటిసారి.

మోటారు చప్పుడు రోడ్డు మీదకే వినపడింది. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి గట్టు మీద దాదాపు పరిగెత్తింది. పందిరి కింద ఎంకయ్య పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, నీళ్ళు సూటిగా ఎగజిమ్మేలా గుత్తుల మీద కొడుతున్నాడు. నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయ్యాడు. బాలనర్సమ్మ వెనక నుంచి పైపు జరుపుతోంది. పందిరి సగం అయిపోయింది. ఆ సగంలో అడుగు పెడితే బురద.

సుందరి వంగి బురదలో చెయ్యి పెట్టింది. అరచేతిలోకి వచ్చినవి టోపీలు కావు. సన్నటి కాడలు, కాడ చివర గుండ్రటి పచ్చటి బొడిపెలు. అసలుది.

"ఎంకయ్యా! ఆపు! ఆపేయ్!"

ఎంకయ్య తల తిప్పాడు గానీ పైపు దించలేదు. "సార్ జెప్పిండమ్మా. పొద్దుగూకే లోపట అయిపోవాలన్నడు. మంచిగ కడిగి పూత నిలవెడితే గుడిసె సంగతి మల్ల జూద్దామన్నడు."

అదీ సంగతి. అందుకే అంత ఒళ్ళు దాచుకోకుండా కొడుతున్నాడు. తన బతుకును తనే నీళ్ళతో కొట్టేసుకుంటున్నాడని అతనికి తెలియదు. సుందరి ఇక మాటలు పెంచలేదు. గట్టు మీదున్న స్టార్టరు పెట్టె దగ్గరకు వెళ్ళి ఎర్ర బొత్తాం నొక్కింది. మోటారు మూలిగి ఆగింది. పైపులో నీళ్ళు కిందికి వాలి, ఎంకయ్య కాళ్ళ మీద పడి, ఆగిపోయాయి.

బాలనర్సమ్మ పైపు వదిలేసి వచ్చి ఎదురుగా నిలబడింది. అమ్మగారి ముందు ఎప్పుడూ కొంగు భుజాన సర్దుకుని మాట్లాడే మనిషి. ఈసారి సర్దుకోలేదు.

"మొన్న నువ్వు తొట్టి మాట ఎత్తినవమ్మా, గింత దూరమొచ్చింది. ఇయ్యాల మోటరు బంద్ జేస్తున్నవ్. సార్ వచ్చి ఎవలు ఆపిన్రని అడిగితే నువ్వుంటవా ఈడ?"

సుందరి మొహం మాడిపోయింది. ఆవిడను ఇంతవరకూ ఎవరూ అలా నిలదీయలేదు, అడిగినదాంట్లో తప్పు ఒక్క వీసమైనా లేదు. "ఉంటాను," అంది.

"సార్ వచ్చేదాంక?"

"వచ్చేదాకా."

ఉంది. బోరు పక్కన రాయి మీద కూర్చుంది. ఎండ నెత్తిన ఎక్కింది. ఇంట్లో నానబెట్టిన బట్టలు గుర్తొచ్చాయి. మధ్యలో ఎంకయ్యను పిలిచి ఒక చేతిలో టోపీ, ఒక చేతిలో బొడిపె పెట్టి చూపించింది. ఇది రాలడం దాని పద్ధతి, ఇది రాలితే నష్టం అని వివరంగా చెప్పింది. అతను విన్నాడు. రెండు చేతులూ మార్చి మార్చి చూశాడు.

"నాకేం ఎరుకమ్మా. ఇద్దరూ పెద్దోళ్లు. ఒకలు కడుగుమంటిరి, ఒకలు వద్దంటిరి. నడుమల పొయ్యేది మేమే," అని తడి లుంగీ పిండుకుంటూ వెళ్ళిపోయాడు. కాసేపటికి బాలనర్సమ్మ ఏమీ అనకుండా ఒక చాప తెచ్చి రాయి మీద వేసి వెళ్ళింది.

యజ్ఞనారాయణ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆగిన మోటారును చూశాడు, పొడిగా ఉన్న సగం పందిరిని చూశాడు. తరువాత భార్యను చూశాడు. ఆవిడ అక్కడ ఎందుకుందో మొదట ఆయనకు అర్థం కాలేదు.

"ఎవరు ఆపారు?"

ఎంకయ్య నేల చూపులు చూశాడు.

"నేను," అంది సుందరి. "రాలినవి పువ్వులు కావండీ. తొడుగులు. పువ్వు విచ్చుకోగానే రాలిపోతాయి. దాన్ని కెడ్యూకస్ అంటారు."

ఆ మాట పనివాళ్ళ ముందు పైకి అనడం ఆవిడకే వింతగా ఉంది. యజ్ఞనారాయణ ఒకడుగు ముందుకేశాడు. "పాపీకి అని నీ కూతురే చెప్పింది కదా."

"పుస్తకంలో ఒక్క పువ్వే పడుతుంది. బయట ఎన్ని ఉండవు? ఇదుగో చూడండి, మీరు కడిగించాక రాలినవి ఇవి. ఇవి అసలు పూత."

ఆయన ఆవిడ అరచేతి వైపు చూడనే లేదు. స్టార్టరు దగ్గరకు వెళ్ళి పచ్చ బొత్తాం మీద వేలు పెట్టాడు. ఎంకయ్య వంగి పైపు ఎత్తాడు. సుందరి వెళ్ళి మోటారుకూ పందిరికీ మధ్య, పొడి వరస ముందు నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆవిడకే తెలియదు. నీళ్ళు వదిలితే మొదట తన మీదే పడతాయి.

చివరికి ఆయన వేలు తీసేశాడు. "సరే. తడిసిన సగం నా లెక్క. పొడి సగం నీ లెక్క. అమావాస్య వెళ్ళాక సుధాకర్‌ని పిలిచి చూపిస్తాను. పోయిందంటే నీ వల్లే పోయినట్టు."

"అలాగే," అంది సుందరి.

తిరుగుదారిలో మాట లేదు. ఆ రాత్రి లేదు, ఆ మర్నాడూ లేదు. ఉప్పు తక్కువైతే ఆయనే లేచి తెచ్చుకున్నాడు. హర్షిత ఇద్దరి మధ్యా కబుర్లు మోసి మోసి విసిగిపోయింది. టెస్టులో పాపీకి మార్కు వచ్చిందని చెబితే ఇద్దరిలో ఒక్కరూ సంతోషించలేదు. సుందరికి నిద్ర సరిగ్గా పట్టలేదు. నేను చూసింది భూతద్దంలో నాలుగు పొట్టుముక్కలు. దాని మీద ఆ కుటుంబం మొత్తాన్ని నిలబెట్టాను. ఆ పొడి సగం కూడా రాలిపోతే? తోట పోతే పోయింది, బాలనర్సమ్మ ముందు తలెత్తేదెలా? కార్తీక దీపం పెట్టేటప్పుడు కూడా ఆవిడ దేవుణ్ణి అడిగింది ద్రాక్ష పిందెలే.

అమావాస్య వెళ్ళిన తరువాతి ఆదివారం ఇద్దరూ తోటకు వెళ్ళారు. సుధాకర్ తన బండి మీద మేడ్చల్ నుంచి ముందే వచ్చి ఉన్నాడు. దూలపల్లి దంపతులు కూడా దిగారు. కుమార్, అతని భార్య, ఒక ట్రంకు పెట్టె, దుప్పట్లో కట్టిన మూట. గుడిసె ఖాళీ అవుతుందని గట్టు పక్క నీడలో కూర్చున్నారు. బాలనర్సమ్మ సామాన్లు ఒకచోట చేర్చి పెట్టింది. చూరులో వల కిందికి దించారు.

సుందరి ముందు పొడి వరసలో అడుగు పెట్టింది. తలెత్తి చూడటానికి భయం వేసి, కాసేపు నేలనే చూసింది. సుధాకర్ ఒక గుత్తి పట్టుకుని వేళ్ళ మధ్య తిప్పాడు.

"ఇటు పక్క మంచిగ పట్టింది సార్. ముంచుడు మందు కరెక్టుగ పడ్డది."

అప్పుడు తలెత్తింది. కాడ కాడకీ మిరియపు గింజంత పిందె. గుత్తి నిండా, పందిరి నిండా. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పక్కనే పందిరికి పాతిన రాతి కూసాన్ని పట్టుకుంది. మందులో తప్పు లేదు, తొట్టిలో తప్పు లేదు. ఎంకయ్య శుభ్రంగానే కడిగాడు.

సుధాకర్ అవతలి సగంలోకి నడిచాడు. అక్కడ గుత్తులు బోడిగా ఉన్నాయి. ఎండిన కాడలు, ఎక్కడో ఒకటీ అరా పిందె. అతను నాలుగైదు గుత్తులు చూసి వెనక్కి తిరిగాడు.

"గిదేంది సార్? గీడ పూత మీద ఎవరన్న నీళ్ళు కొట్టిన్రా?"

యజ్ఞనారాయణ ఆ బోడి కాడల వంక చూస్తున్నాడు. ఆయనవి కొలిచే కళ్ళు. ఏ వరస దగ్గర నీళ్ళు ఆగాయో, ఏ వరస దగ్గర పిందె మొదలైందో ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు. నోరు మాత్రం పాత దారినే పోయింది.

"అడుగో, ఎంకయ్యే. పైపు పెట్టి కొట్టాడు."

కుమార్ తన భార్య వంక చూశాడు. ఎంకయ్య రెండు చేతులూ జోడించాడు. "అవును సార్. తప్పయింది," అన్నాడు. ఒకసారి అలవాటైన మాట, రెండోసారి ఇంకా సులువుగా వచ్చింది.

సుందరికి ఒళ్ళు మండిపోయింది. మోటారు ఆపిన రోజున భయమైనా వేసింది. ఇప్పుడు అదీ లేదు.

"కడగమన్నది ఈయన," అంది, సుధాకర్‌తోనే, అందరికీ వినపడేలా. "ఎంకయ్య ఆయన చెప్పింది చేశాడు. తొట్టి కడగలేదేమోనని మొదట అనుమానం పుట్టించింది నేను. ఇందులో ఎంకయ్య తప్పు ఏమీ లేదు."

సుధాకర్ చేతిలో గుత్తిని అనవసరంగా మళ్ళీ తిప్పి చూశాడు. ఎంకయ్య జోడించిన చేతులు ఎప్పుడు దించాలో తెలియక అలాగే ఉంచాడు. బాలనర్సమ్మ అతని పక్కకు వచ్చి, ఆ చేతులు పట్టి కిందికి దించింది. తరువాత కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి గట్టు పక్కకు తీసుకుపోయింది. "ఇంత ఎండల వస్తిరి, తాగున్రి," అని కుమార్ భార్యకు ఇచ్చింది.

యజ్ఞనారాయణ కుమార్‌తో, "మీరు ఇంటికెళ్ళండి. ఇక్కడ మనుషులున్నారు," అన్నాడు. ఎంకయ్య వైపు చూడకుండానే, "రెండోసారి గుత్తులు ముంచేది బుధవారం. ఇటు సగానికే," అన్నాడు. అని గబగబా స్కూటరు దగ్గరికి నడిచాడు.

సుందరి వెనకాలే వచ్చింది. ఆయన బండి స్టాండు తీసి, ఎక్కి, కిక్కు మీద కాలు పెట్టాడు గానీ కొట్టలేదు.

"నలుగురిలో అనకపోతే ఏం? ఇంటికెళ్ళాక నాతో చెప్పొచ్చుగా."

"మీరు ఎంకయ్యను అన్నదీ నలుగురిలోనే కదండీ."

ఆయన మెడ వెనక చెమట పట్టి చొక్కా కాలరు తడిసింది. రోడ్డు మీద ఒక బస్సు పోయింది, దాని వెనక ఇంకొకటి పోయింది. ఆయన కాలు కిందికి దించి, బండికి మళ్ళీ స్టాండు వేసి, పందిరి వైపు వెనక్కి నడిచాడు.

"ఎంకయ్యా," అని పిలవడం సుందరికి వినపడింది. ఆ తరువాత ఏమన్నాడో ఇంత దూరానికి వినపడలేదు. ఆవిడ మునివేళ్ళ మీద లేచి, గట్టు అవతలికి మెడ చాచి చూసింది. సుధాకర్ ఇంకా బండి తీయలేదు. దూలపల్లి వాళ్ళు ఇంకా అక్కడే నిలబడి నీళ్ళు తాగుతున్నారు. ఏమన్నా, అది నలుగురిలోనే.